నిమ్మకాయ గుచ్చిన ఉలులు

ఆ రోజుల్లో అలసట అంటే ఏమిటో నాకు బాగా తెలుసని అనుకునేవాణ్ణి. గుడివాడలో డిగ్రీ పూర్తి చేసి, ఏడాదిపాటు రాని ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టి, ఆ పెట్టడంతోనే ఒళ్ళు హూనమైపోయిందని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. అప్పుడే ఫోన్లో డేటా చవకైంది. ఏ దేశంలోనో ఓ తెల్లగడ్డం తాత లేతు మీద కర్ర తిప్పుతూ ఉలి అలా ఆనిస్తే చాలు, చుట్టలు చుట్టలుగా పొట్టు రాలేది. ఆ వీడియోలు రోజుకి నాలుగైదు గంటలు చూసేవాణ్ణి. (చూడటంలో నాకు మంచి అనుభవం ఉంది.) తాత ఉలికి పదును పెట్టుకునే వీడియోలు కూడా ఉండేవి గానీ, విసుగని దాటేసేవాణ్ణి. నా ఉత్సాహం చూసి మా నాన్న బందరులో మంచం కోళ్ళు, మెట్ల రెయిలింగు కర్రలు చేసే తన స్నేహితుడి దగ్గర పనికి కుదిర్చారు. ఆయన్ని నేను మావయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవారు. చుట్టరికం అంతవరకే.

మొదటిరోజే లేతు వైపు నడవబోతే మావయ్య నా భుజం పట్టుకుని అటు నుంచి ఇటు తిప్పారు. "ముందు పదును నేర్చుకో అల్లుడూ" అని ఆరు ఉలులు, ఒక బకెట్టు నీళ్ళు ఇచ్చి సాన చక్రం ముందు నిలబెట్టారు. తిరిగే చక్రానికి ఉలి ఏటవాలు అంచుని ఒకే తీరుగా ఆనించాలి, చెయ్యి కదలకూడదు, వేడెక్కేలోగా నీళ్ళలో ముంచాలి. చెప్పడానికి ఇంతే. నా చేతిలో ఆ ఒక్క ఏటవాలు నాలుగు పలకలయ్యేది, తొక్క సరిగ్గా తీయని బంగాళాదుంపలాగా. పంతం పట్టి గట్టిగా నొక్కితే అంచు నీలం తిరిగేది. నీలం తిరిగిన ఉక్కు చచ్చినట్టే, ఆ మేరకి అరగదీసి మొదటికి రావాలి. మావయ్య ఉలి తీసుకుని బొటనవేలి గోరు మీద ఆనించేవారు. పదునుంటే అంచు గోరుకి పట్టుకుంటుంది, లేకపోతే జారిపోతుంది. నాది జారేది. "మళ్ళీ" అనేవారు. మూడు నెలలు ఆయన నాతో ఎక్కువగా మాట్లాడిన మాట అదే. ఆరింట్లో ఒక ఉలి నా ధాటికి అరిగి అరిగి బెత్తెడు మిగిలితే, దాంతో వార్నిష్ డబ్బా మూతలు తీసేవారు, అదీ నా ఎదుటే. సాయంత్రం గుడివాడ బస్సులో నిలబడి, ముక్కులో ఇనప రజను, మెడ నొప్పి మోసుకుంటూ ఇల్లు చేరితే మా అమ్మ, "ఇవాళైనా లేతు ముట్టుకోనిచ్చారా నాన్నా?" అని అడిగేది. "రేపో ఎల్లుండోనమ్మా" అనేవాణ్ణి. నిజానికి నాకు కర్ర మీద కూడా అంత మోజు లేదప్పటికి. ఆ సాన చక్రం నుంచి విడుదలైతే చాలు.

దసరాకి ముందు మావయ్యే దారి చూపించారు. చల్లపల్లిలో ఎవరో కొత్త ఇంటి మెట్లకి రెయిలింగు కర్రలు చేయించుకుంటున్నారు. "సోమవారానికి అయిదు ఉలులూ గోరుకి పట్టాయా, ఆ రెయిలింగులో ఒక కర్ర నీది" అన్నారు. నేను రెండు రోజులు తిండి ధ్యాస లేకుండా నూరాను. మహానవమి పొద్దున నా గోరు మీద అయిదూ పట్టాయి! మావయ్య వాళ్ళు క్రైస్తవులు. అవనిగడ్డ దగ్గర సొంతూళ్ళో కూడికలకి వెళ్తూ, "ఆయుధపూజ చేసుకుంటావా, చేసుకో అల్లుడూ, నేను కాదనను. పోయేటప్పుడు మాత్రం నూనె రాసి పో. మన బందరు ఉప్పు గాలికి ఇనుము సంగతి తెలుసుగా" అని తాళాలిచ్చారు. నేను ఉలులకి పసుపు నీళ్ళు చల్లి, బొట్లు పెట్టాను. నూనె రాస్తే కుంకుమ నిలవదని రాయలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. నిమ్మకాయల్ని పక్కన పెడితే నా పదును ఎవరికి తెలుస్తుంది? అందుకని ఒక్కో ఉలి అంచుకి ఒక్కో నిమ్మకాయ గుచ్చాను. సర్రున దిగాయి. ఆ దిగడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఫోటో తీసుకుని, తలుపులేసి వచ్చేశాను.

సోమవారం మావయ్య తలుపు తీసేసరికి నిమ్మకాయలు ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకటి లాగి చూశారు. అంచు పుచ్చిపోయిన పన్నులా నల్లగా, గుంటలు పడి ఉంది. అయిదూ అంతే. ఆయన చాలాసేపు చూసి, "ఊరగాయ పెట్టావేంటి అల్లుడూ?" అన్నారు. తిట్టినా బాగుండేది. "నాలుగింటికి చల్లపల్లి వ్యాను వస్తుంది. నాకు ఉలులు కావాలి" అని లేతు ఆన్ చేశారు.

ఆ రోజు నేను సాన చక్రానికి ఆనించడం, ముంచడం, ఆయనకి అందించడం. ఒకటి ఇచ్చేలోపు ఇంకొకటి మొద్దుబారి వచ్చేది. మధ్యాహ్నానికి చేతులు నావి కావన్నట్టు అయ్యాయి. పంతం పోయింది, భయం పోయింది, నొక్కే ఓపిక కూడా పోయింది. చాలాసేపటికి గానీ గమనించలేదు, ఆయన గోరు మీద చూడటం మానేశారు. తీసుకోవడం, నేరుగా కర్రకి ఆనించడం. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. మూడు దాటాక ఆయన లేతు దగ్గర్నించి పక్కకి జరిగి, టీ గ్లాసు పుచ్చుకుని, "ఆఖరి కర్ర నువ్వు చెయ్యి" అన్నారు.

మూడు నెలలు కలగన్న చోట నిలబడ్డాను. అమ్మయ్య, ఇక ఆ చక్రం మొహం చూడక్కర్లేదు అనుకున్నాను. ఒక జానెడు అద్భుతంగా సాగింది. తర్వాత పొట్టు కాస్తా పొడిగా రాలడం మొదలైంది.

"మావయ్యా, పదును పోయిందండీ."

"పోతుంది మరి. వెళ్ళి పెట్టుకో."

"మళ్ళీనా?"

"ఎవరైనా అంతే. నేను పొద్దున్నించి ఎన్నిసార్లు ఇచ్చాను నీకు?"

ఆ కర్ర పూర్తయ్యేలోపు నాలుగుసార్లు సాన దగ్గరికి వెళ్ళొచ్చాను. నడుము దగ్గర కొంచెం బక్కచిక్కినా, వ్యానెక్కింది. ఇప్పుడు నాకూ ఒక లేతు ఉంది, ఇవాళ పొద్దున్నించి ఇప్పటికి ఏడుసార్లు చక్రం ముందు నిలబడ్డాను, ఇది రాస్తుంటే మెడ లాగుతోంది. ఒక్కసారి గట్టిగా నూరేస్తే జన్మకి సరిపోతుందని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నాకు చెప్పనందుకు మావయ్య మీద అప్పట్లో కోపం వచ్చింది గానీ, చెప్పి ఉంటే ఆ మొదటిరోజే బస్సెక్కేసేవాణ్ణి.