మధుసూదన్ ఇంట్లో నిప్పు

న్యూజిలాండ్ దక్షిణపు కొసనున్న మా ఇన్వర్‌కార్గిల్‌లో చలికాలం వస్తే పట్టపగలే చేతులు కొంకర్లు పోతాయి. అలాంటి ఊళ్లో ఎనిమిదేళ్లుగా మధుసూదన్ ఇంట్లో అగ్గిపుల్ల గీయనివ్వలేదు. దేవుడి దగ్గర దీపం కూడా కరెంటు బల్బే! చూస్తే నాకు ఒళ్లు మండేది. అయినా ఏమీ అనలేకపోయేదాన్ని.

పాలిటెక్నిక్‌లో చదవడానికి వచ్చాడు మధుసూదన్. మోటెల్లో గదులు ఊడ్చాడు. ఇప్పుడు పాల ట్యాంకర్ నడుపుతాడు. నెమ్మదస్తుడు. మా డెయిరీకి, అదేనండీ, ఇక్కడ వీధి చివరి కొట్టుని డెయిరీ అంటారు, వచ్చాడంటే "మంగాదేవి ఆంటీ, బావున్నారా?" అనకుండా గుమ్మం దిగడు.

కూతురు అక్షయ పుట్టినప్పుడు కాకినాడ నుంచి మధుసూదన్ వాళ్లమ్మ కామేశ్వరమ్మగారు సాయానికి వచ్చారు. పసిపిల్లకి నీళ్లు పోశాక సాంబ్రాణి వెయ్యాలి కదా! మా కొట్లోనే బార్బెక్యూ బొగ్గుల సంచి కొన్నారు. నేనే చేతికందించాను. ఓ రోజు కోడలు శ్రీవల్లి పిల్లని టీకాకి తీసుకెళ్లింది. వాళ్లొచ్చేసరికి గది వెచ్చబడాలని కాబోలు, ఆవిడ ఇనప మూకుట్లో బొగ్గులు రాజేసి కుంపటి పెట్టారు. మన పెంకుటిళ్లలో అయితే సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఇక్కడ ఆవిడ తలుపు కింద సందులో తువ్వాలు కూడా కుక్కారు. బొగ్గుల్లోంచి వచ్చే ఆ విషపు గాలికి వాసనుండదట. శ్రీవల్లి తిరిగొచ్చేసరికి ఆవిడ కుర్చీలోనే పోయి ఉన్నారు. మడతపెట్టిన పిల్ల గుడ్డలు ఒళ్లోనే ఉన్నాయి.

అందరం ఆవిడది చాదస్తం అన్నాం. నేనూ అన్నాను, నా నోరు పడిపోను.

ఈ ఏడు చలికి అక్షయకి ఆయాసం పట్టుకుంది. మూడుసార్లు ఆస్పత్రిలో పెట్టారు. ఇల్లు వెచ్చగా, పొడిగా లేకపోతే పిల్ల తట్టుకోలేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. వాళ్ల చిన్న హీటరు ఆ పాత చెక్క ఇంటికి ఏ మూలకీ చాలదు. శ్రీవల్లి మా కొట్టుకొచ్చి ఏడ్చింది.

"ఇల్లు వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్ పెట్టిద్దామంటే ఆయన చెవిన పెట్టట్లేదాంటీ. మీరైనా చెప్పండి."

వెళ్లి చెడామడా తిట్టాను. "నీ భయానికి పిల్లని బలిపెడతావా? మీ అమ్మ ఎవరి కోసం కుంపటి పెట్టిందో మర్చిపోయావా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని మొహం నల్లబడిపోయింది. మర్నాడు కొట్టు ముందు కారాపి, "స్టవ్ చూడ్డానికి వెళ్తున్నాను, మీరూ రండాంటీ" అన్నాడు.

షాపతను ఓపిగ్గా చెప్పాడు. రంపపు పొట్టు నొక్కి చేసిన గుళికలు పైన డబ్బాలో పోస్తే కాసినికాసిని జారి మండుతాయి. పొగని గొట్టంలోంచి ఇంటి బయటికి ఫ్యాను తోసేస్తుంది. మధుసూదన్ అడిగింది ఒకటే. "కరెంటు పోతే పొగ ఎటు పోతుంది?" గుళికలు పడటం ఆగి మంట ఆరిపోతుందనీ, మిగిలిన పొగ కూడా గొట్టంలోంచే పోతుందనీ అతను చెప్పాడు. నాలుగు స్టవ్‌లు చూపిస్తే నాలుగుసార్లూ అదే ప్రశ్న! మూలన ఎవరో వాడేసినది చవగ్గా కనపడితే, "ఇది చూడు" అన్నాను.

"చవగ్గా వస్తుందని వద్దాంటీ," అన్నాడు.

కొత్తవాటిలో చిన్నది, వాళ్ల తాహతుకి తగ్గది తీసుకున్నాడు. విషపు గాలి వస్తే కూసే అలారాలు మాత్రం గదికొకటి కొన్నాడు.

ఊరి కౌన్సిల్ అనుమతి వచ్చి, స్టవ్ బిగించి, శనివారం మధ్యాహ్నం మొదటిసారి వెలిగించారు. పెళ్లాన్నీ పిల్లనీ మా ఇంటికి పంపేసి, తలుపులన్నీ మూసుకుని తనొక్కడే దాని ముందు కూర్చున్నాడు. ముందు తన మీద పరీక్ష పెట్టుకున్నాడన్నమాట! గంటైంది, రెండు గంటలైంది. ఫోనెత్తడు. వాళ్లకి ఏదో సాకు చెప్పి పరిగెత్తాను.

పెరటి తలుపు తోసుకుని వెళ్తే నేల మీద కూర్చుని ఉన్నాడు. చెమటలు కారుతున్నా చలికోటు విప్పలేదు. అద్దం వెనక మంట నిదానంగా మండుతోంది.

"లేవరా బాబూ, హడలగొట్టావు! ఏమీ కాలేదుగా. పిల్లని తీసుకొస్తాను."

"అమ్మ కుంపటి పెట్టుకుంది పిల్ల కోసం కాదాంటీ."

నాకు అర్థం కాలేదు.

"ఆ వారం కరెంటు బిల్లు చూసి హీటరు గ్యారేజీలో పెట్టేశాను. శ్రీవల్లికి కూడా పాడైందనే చెప్పాను. చలేస్తోందిరా అంది అమ్మ. రెండు స్వెటర్లు వేసుకోమన్నాను."

అతని పక్కనే కూలబడ్డాను. కాసేపటికి లేచి, మంట ఇంకో మెట్టు పెంచాడు. గది అప్పటికే ఉడికిపోతోంది.