ఎనిమిది అంకె తిప్పిన రోజు

రాజమండ్రిలో డ్రైవింగ్ స్కూల్ వాళ్ళ బండి మీద టెస్ట్ పాసై కొవ్వూరు బస్సెక్కాను. నాకప్పుడు పద్దెనిమిది నిండి వారమే. ఇక లెర్నర్స్ కాదు, అసలు లైసెన్సే! నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

ఖాళీ పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్న ఒకావిడ అడిగింది, "ఏంటమ్మా, అంత సంతోషం?"

"మోపెడ్ టెస్ట్ పాసయ్యానండి! కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పేశాను."

"ఎలా తిప్పావో చూపించు."

ముందు సీటు వెనకవైపు వేలితో గీసి చూపించాను. ఆవిడ బుట్ట కింద పెట్టి, చేతులు రెండూ చాచి, లేని హ్యాండిల్ పట్టుకుని నాతోపాటు అటూ ఇటూ ఒంగింది. రెండోసారి తనే తిప్పింది. బస్సు వంతెన దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

"ఇరవై ఏళ్ళు మా ఆయన బండి వెనకాల కూర్చుని పూలమ్మానమ్మా. ఆయన పోయాక బండి అమ్మేశాం. నేను నడపొచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు."

బస్టాండుకి నాన్న మోపెడ్ తెస్తారని చెప్పాను. దిగబోతూ ఆవిడ నా భుజం తట్టి, "ఇంటికి నువ్వే నడుపుకుంటూ వెళ్ళు," అంది.

కొవ్వూరు బస్టాండు బయట నాన్న మోపెడ్ స్టార్ట్ చేసి, "ఎక్కు," అన్నారు.

"మీరు వెనక్కి జరగండి నాన్నా."

ఆయన నన్నొకసారి చూసి, వెనక్కి జరిగారు. కాలవగట్టు మీద నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకున్నారు. మొదటి మలుపు తిరిగాక వదిలేశారు.