తలకిందుల ముళ్లపంది

జవాద్ బూట్లు విప్పకుండానే తూదా కుట్టు గదిలోకి వచ్చాడు. చాప మీద పరిచి ఉన్న పెళ్ళికూతురి కఫ్తాను అంగీ అంచు తొక్కబోయి, ఆమె చూపు చూసి ఆగాడు.

"ఏం తూదా, బాగున్నావా? నువ్వు అస్సలు మారలేదే!"

"నువ్వు మారావుగా, చాల్లే. కూర్చో," అంది తూదా, పళ్ళ మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని.

మారాడు మరి! కాసాబ్లాంకా శివార్లలోని ఐన్ లౌజ్ పేటలో ఇప్పుడు ఏ మేడ చూసినా అతని పేరే. బట్టల మిల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టించిన మహానుభావుడు అతనే. మిల్లు పొగగొట్టాన్ని మాత్రం అందానికని ఉంచాడు. దాని కింద ఇప్పుడు ఒక కాఫీ హోటలు తెరుస్తున్నాడు. దానికి పెట్టిన పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది. 'ముళ్లపంది' అట!

ముళ్లపందులంటే ఒకప్పుడు ఆ పేట కుర్రాళ్ళు, జవాద్ కూడా వాళ్ళలో ఒకడే. మిల్లు జట్టు ఫుట్‌బాల్ ఆడిన ప్రతి ఆదివారం మైదానం మెట్ల మీద నిలబడి గొంతు చించుకుని పాడేవాళ్ళు. ఆకుపచ్చ మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని, కణతల దగ్గర జుట్టు గొరిగించుకుని, ఒక్క మోపెడ్ మీద ముగ్గురేసి తిరిగేవాళ్ళు. జేబులో పొద్దుతిరుగుడు గింజలు, చేతిలో రంగు డబ్బా. వాళ్ళ ముళ్లపంది బొమ్మ లేని గోడ పేటలో ఉండేది కాదు. తల్లులు తిట్టేవారు, పోలీసులు తరిమేవారు, మిల్లు కూలీలు మాత్రం సాయంత్రం ఆ పాటలే కూనిరాగం తీస్తూ ఇళ్ళకు పోయేవారు. అబ్బ, ఏం రోజులవి! ఒక్కడికీ ఉద్యోగం లేదు, అయినా పేట మొత్తం తమ సొంతమన్నట్టు నడిచేవాళ్ళు.

వాళ్ళ ప్రాణమంతా ఒక్క గుడ్డలో ఉండేది. మెట్ల ముందు కట్టే పొడవాటి ఆకుపచ్చ బ్యానరది. మిల్లులో మిగిలిన ముక్కలు ఏరి తెచ్చి దాన్ని కుట్టింది తూదా. ఆడపిల్లలను మైదానంలోకి రానిచ్చేవారు కాదు కాబట్టి, మిల్లు కప్పు ఎక్కి, తను కుట్టిన ముళ్లపంది గాలికి రెపరెపలాడుతుంటే చూసి మురిసిపోయేది. ఆ గుడ్డకు ఒక కట్టుబాటుంది. అది ఎదుటి గుంపు చేతికి చిక్కి, వాళ్ళు దాన్ని తలకిందులుగా కట్టి చూపిస్తే, ఆ క్షణంతో గుంపు చచ్చిపోయినట్టే. చూసినవాళ్ళు నోరెత్తకుండా వీపు తిప్పుకుని వెళ్ళిపోవాలి. మళ్ళీ ఆ పేరు ఎత్తకూడదు. అందుకే గుడ్డను వారానికొకరి ఇంట్లో దాచేవారు. ఎక్కడ దాచారో దాచినవాడికి తప్ప మరొకరికి తెలియకూడదు.

తూదా వాళ్ళ అన్న మీలూద్ దాచిన వారమే అది పోయింది.

"పాత గుడ్డ ఎలా ఉండేదో అచ్చు అలాంటిదే కావాలి," అన్నాడు జవాద్. "హోటలు గోడ మీద కడతా. పాత కుర్రాళ్ళందరినీ పిలిచా. మఫ్లర్లు వేసుకుని వస్తారు, ఫోటోలు దిగుతారు, చూసినోళ్ళకి కళ్ళ నీళ్ళు తిరగాలి! శుక్రవారం నమాజు అయ్యాక తెరుస్తున్నాం. మీలూద్‌ని కూడా రమ్మను. ఇంకా ఆ కోపమేనా వాడికి?"

"కోపం వాడికి కాదుగా, పేటకి. గుడ్డ అమ్ముకున్నాడని అన్నది పేటోళ్ళే."

జవాద్ నవ్వాడు. కడుపు నిండినవాడి నవ్వు.

"పాపం, వాడేం చేశాడు? ఇప్పుడు చెబితే తప్పేముందిలే, ముసలోళ్ళం అయిపోతున్నాం. ఆ శుక్రవారం మీ ఇంట్లో కూస్‌కూస్ తిన్నానా, చలిగా ఉందంటే మీ అమ్మ నాకు దుప్పటి ఇద్దామని పెట్టె తెరిచింది. కింద ఆకుపచ్చ అంచు కనబడింది. ఆవిడ అటు టీ పెట్టడానికి వెళ్ళింది, ఇటు నేను గుడ్డ చొక్కాలో దోపుకున్నా. మన ఎదుటి గుంపు, ఆ ఇటుకబట్టీ కుర్రాళ్ళు దానికి మోపెడ్ ఇచ్చారు తెలుసా! సముద్రం అవతల మార్సెయ్‌లో మామ పంపాడని చెప్పేవాణ్ణి కదా, ఆ ఎర్రది. చిన్నతనం! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది."

తూదాకు నవ్వు రాలేదు. నోట్లో గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ నిమిషంలోనే అతని పీక పట్టుకునేది. అమ్మ చేత్తో వడ్డించింది తిని, అమ్మ పెట్టెలోనే చెయ్యి పెట్టాడా! ఆ ఆదివారం ఇటుకబట్టీ వాళ్ళు మెట్ల మీద గుడ్డను తలకిందులుగా చూపించి కాల్చారు. డప్పు కొట్టే లారూసీ తన డప్పును తనే కత్తితో చీల్చుకున్నాడు. తరువాత అందరూ వచ్చి మీలూద్ తలుపు మీద ఉమ్మి పోయారు. అమ్మ ఆ మచ్చ మోసుకునే మట్టిలో కలిసింది. మీలూద్ సలామ్ చెబితే పేటలో ఒక్కడూ తిరిగి సలామ్ చెప్పలేదు. పరాయివాడికైనా తిరిగి చెప్పే సలామ్ అది! కొన్నాళ్ళకు అతనే చెప్పడం మానేశాడు. ఇరవై ఏళ్ళుగా ఓడరేవులో చేపల గిడ్డంగి పనికి పెరటి గోడ దూకి, రైలు పట్టాల వెంట పోతున్నాడు గానీ వీధిలో అడుగు పెట్టలేదు.

ఆమె సూదులన్నీ ఒక్కొక్కటిగా తీసి దిండుకు గుచ్చింది.

"కుడతాను," అంది. "కానీ కట్టేది కూడా నేనే. నిచ్చెన వేయించు చాలు. ఇంకెవరి చెయ్యీ దాని మీద పడకూడదు."

"అదీ పద్ధతంటే!" అని జవాద్ పొంగిపోయాడు.

కుట్టినన్ని రోజులూ తూదా అన్న చెవిన ఆ మాట వేయలేదు. మీలూద్ గదిలోకి తొంగి చూసి, ఆకుపచ్చ గుడ్డ కనిపించగానే మొహం తిప్పుకుని పోయేవాడు. చెప్పేద్దామా అని ఆమెకు నోటి చివరిదాకా వచ్చేది. వద్దు, ఇప్పుడు చెబితే ఏడ్చి ఊరుకుంటాడు. పేట అంతా కళ్ళారా చూడాలి, జవాద్ తన నోటితో తనే చెప్పుకోవాలి. పళ్ళు నూరుకుంటూ ఒక్కో ముల్లూ కుట్టింది.

లారూసీ ఇప్పుడు ఫ్లాట్ల గేటు దగ్గర నత్తల చారు అమ్ముకుంటున్నాడు. గురువారం ఆమె వెళ్ళి బండి ముందు నిలబడింది. మీలూద్ గొడవ తరువాత ఆమె అతనితో మాట్లాడటం అదే మొదలు.

"రేపు వస్తున్నావా?"

"జవాద్ పిలిచాడుగా, వస్తా," అన్నాడు లారూసీ తల వంచుకుని.

"మనవాళ్ళందరినీ తీసుకురా. ఒక్కడు తగ్గినా ఊరుకోను."

శుక్రవారం మధ్యాహ్నానికి పొగగొట్టం కింద జనం నిండిపోయారు. ఒకప్పటి కుర్రాళ్ళు పొట్టల మీదికి మఫ్లర్లు సర్దుకుంటూ, బట్టతలలు తడుముకుంటూ, ఒకళ్ళనొకళ్ళు పాత ముద్దుపేర్లతో పిలుచుకున్నారు. లారూసీ ఎవరిదో డప్పు అరువు తెచ్చాడు. అందరూ పాత పాట అందుకున్నారు. ఫ్లాట్లవాళ్ళు బాల్కనీల్లోంచి ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. గోడ మీద చుట్టలా చుట్టి కట్టిన గుడ్డ ఉంది, దానికి ఒక తాడు.

"ముళ్లపందులకి జై!" అని జవాద్ తాడు లాగాడు.

గుడ్డ జారింది. అక్షరాలు తలకిందులు, ముళ్లపంది కాళ్ళు ఆకాశంలోకి!

పాట టక్కున ఆగిపోయింది. లారూసీ చేతిలోని డప్పు కింద పెట్టి, ఎవరో చెప్పినట్టు గిర్రున వీపు తిప్పాడు. అతని వెనక ఒక్కొక్కరూ, చివరికి అందరూ తిరిగిపోయారు. జవాద్‌కు కట్టుబాటు గుర్తొచ్చేసరికి ఎదురుగా వీపులే ఉన్నాయి.

"తూదా! ఏం చేశావే? తప్పుగా కట్టావు!"

"తప్పేం లేదురా. గుడ్డ శత్రువు చేతిలో ఉంటే ఇలాగే కడతారు," అంది తూదా, నిచ్చెన పక్క నుంచి ముందుకొచ్చి. "మా అమ్మ పెట్టెలోంచి తీసిన చెయ్యి ఏదో అందరికీ చూపించు. దానికి నీకేం ఇచ్చారో కూడా చెప్పు. మొన్న నవ్వుతూ చెప్పావుగా, ఇప్పుడూ నవ్వు!"

"అబ్బా, ఎప్పటి పిల్లచేష్టో పట్టుకుని... ఒక్క మోపెడ్ కోసం..." అని జవాద్ నోరు జారాడు.

లారూసీ మెల్లగా ఇటు తిరిగాడు. మొహం మాడిపోయి ఉంది.

"మీలూద్ కాదా? ఇన్నేళ్ళూ... వాడు కాదా?"

"నీకు ఇంకో డప్పు దొరికింది, లారూసీ. మా అన్నకి ఇరవై ఏళ్ళు ఎవరు తెచ్చిస్తారు?" అని తూదా ఇంటిదారి పట్టింది. గుంపంతా ఆమె వెనకే నడిచింది. జవాద్ వేయించిన కుర్చీల్లో ఒక్కడూ కూర్చోలేదు.

ఇంటి ముందు ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వాణ్ణి ఒక్కసారి పిలువమ్మా, క్షమించమని అడుగుతాం," అన్నాడు లారూసీ.

"అడుగుదువుగాని. ముందు ఈ తలుపు తుడవండి. ఎవరెక్కడ ఉమ్మారో మీకు గుర్తు లేదేమో, నాకుంది."

"నీళ్ళేవీ? గుడ్డేదీ?"

"మెడలో ఉందిగా!"

ఆ మఫ్లరు నేలకు తగిలితేనే ఒకప్పుడు కొట్లాటలయ్యేవి. లారూసీ మెడలోది విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు కింది పలక తుడవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ వంగారు.

అలికిడికి మీలూద్ లోపలి నుంచి వచ్చాడు. పనికి వెళ్ళే సంచి భుజాన ఉంది. జరిగింది తూదా చెప్పింది. అతను ఏడవలేదు.

"తలకిందులుగా కట్టావా?" అన్నాడు.

"కట్టాను."

"వాడి చేత్తోనే విప్పించావా?"

"వాడి చేత్తోనే, అన్నా."

మీలూద్ నవ్వాడు. ఆ నవ్వు తూదా విని ఎన్నేళ్ళయిందో! అతను పెరటి వైపు చూసి, మనసు మార్చుకుని, వీధి గుమ్మం దాటాడు. తలుపు తుడుస్తున్నవాళ్ళు గబగబా లేచి దారి ఇచ్చారు.

"సలామ్ అలైకుమ్, మీలూద్," అన్నాడు లారూసీ. వెంటనే అందరూ అన్నారు, ఒకరి తర్వాత ఒకరు.

మీలూద్ అందరి మొహాలూ చూశాడు. ఒక్కరికీ తిరిగి చెప్పలేదు. సంచి సర్దుకుని, ఎండలో, వీధి నడిమధ్య నుంచి, జవాద్ హోటలు ముందు నుంచే పనికి వెళ్ళిపోయాడు.

లారూసీ మఫ్లరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చూస్తావేం?" అంది తూదా. "ఈ మూల మిగిలిపోయింది, తుడువు."