పిల్లికి ఏకాదశి

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆదోనిలో మాకు పత్తి వ్యాపారం. గిడ్డంగిలో ఎలుకల కోసం పెంచిన పిల్లి ఒక వేసవిలో నీళ్ల తొట్టిని వదలకుండా తాగడం మొదలుపెట్టింది. ఎంత తిన్నా చిక్కిపోయింది. అది ఉచ్చ పోసినచోట చీమలు పట్టడం చూసి నాయన జబ్బు గుర్తుపట్టాడు. ఆయనకూ చక్కెర జబ్బే. డాక్టరు నవ్వి, "మీ ఇన్సులిన్‌లోనే ఒక్క చుక్క వెయ్యండి, ముందు కడుపునిండా పెట్టండి" అన్నాడు.

మందు సీసాకు తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టేవాళ్లం. రోజూ పొద్దున నాయన సూది ఉడకబెట్టి తనకు వేసుకుని, పాలన్నం తిన్న పిల్లికీ వేసేవాడు. ఏకాదశినాడు మాత్రం తల్లికి జడిసి తిండీ మానేవాడు, సూదీ మానేవాడు. సాయంత్రానికి సోలిపోయేవాడు. డాక్టరు ఎంత చెప్పినా మా అవ్వ వింటేగా! అంత మొండిది.

ఒక ఏకాదశికి, పిల్లికి ఉపవాసమేమిటి, తినే ఉంటుందనుకుని నాయన దానికి సూది వేశాడు. అవ్వ ఆ రోజు దాని గిన్నె కూడా బోర్లించిందని ఆయనకు తెలియదు. కాసేపటికి పిల్లి కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది. బెల్లం నీళ్లు చిగుళ్లకు రాస్తూ కూర్చుంటే, చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"దానిగ్గూడా ఏకాదశేనామ్మా?" అని నాయన అరిచాడు. ఆమె మీద ఆయన గొంతు లేవడం నేనెప్పుడూ వినలేదు.

మరుసటి ఏకాదశినాడు అవ్వ పిల్లి గిన్నెలో పాలన్నం కలిపి, దాని పక్కనే ఒక విస్తరి వేసింది.

"రాప్పా," అని నాయనను పిలిచింది. "సూది ఏసుకోని నువ్వూ కూసో."