విదియ నాడు వేసిన స్లాబు

సాలమోను మేస్త్రి ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను పదకొండేళ్ళలో ఒక్కసారే చూశాను. మిగతా రోజులన్నీ కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు తిరిగేవాడు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. చర్చిలో ప్రార్థనకి అందరూ తల వంచుకుంటే ఈయన పైకప్పు చూస్తూ ఉంటాడని వాళ్ళావిడ రాహేలు విసుక్కునేది. ఎవరింటికి వెళ్ళినా ముందు చూసేది స్లాబుని, తరవాతే మనుషుల్ని.

మాది రాజోలు తాలూకాలో వశిష్ఠ గోదావరి గట్టును ఆనుకున్న ఊరు. అక్కడికి సముద్రం పది పన్నెండు మైళ్ళు. నేను ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో మేష్టరిని. పేరు ప్రకాశరావు. ప్రకాశరావు అంటే తెలియకపోవచ్చు గానీ కోపిష్ఠి మేష్టరంటే ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు. నా కోపంలో సగం సాలమోను మీదే ఖర్చయిపోయింది. అందులో ఎంత వృథా పోయిందో తరవాత తెలిసింది.

సాలమోను తండ్రి, మా ప్రెసిడెంటు బంగారరాజు గారి పొలంలో పాలేరు. ధవళేశ్వరంలో కొత్త బ్యారేజీ పని మొదలైనప్పుడు సాలమోను తట్ట మొయ్యడానికి వెళ్ళాడు. ఊరికే మోసి ఊరుకునే రకం కాదు. కంకర ఎంత, ఇసుక ఎంత, ఊచ ఎక్కడ వంచాలి అని అందరి ప్రాణాలూ తోడేసి, కాంక్రీటు పని నేర్చుకుని తిరిగొచ్చాడు. అప్పటికి మా వైపు తాటాకు ఇళ్ళూ పెంకుటిళ్ళే. స్లాబు వెయ్యాలంటే రాజమండ్రి నుంచి మేస్త్రిని పిలిపించుకోవలసిందే. అలాంటిది ఊరి బడికి స్లాబు వెయ్యమని బంగారరాజు గారు సాలమోనుకే అప్పజెప్పారు. ఊరవతల వాళ్ళ పేటలో ఒక మనిషి చేతికి మొత్తం కట్టడం ఇవ్వడం అదే మొదలు. పేటంతా ఆ పని వంకే చూసింది.

సాలమోనుకొక అలవాటుండేది. నీళ్ళు రుచి చూడనిదే సిమెంటు బస్తా విప్పనిచ్చేవాడు కాదు. దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసి, అప్పుడు “ఆయ్, కానివ్వండి” అనేవాడు.

“మనిషి తాగలేని నీళ్ళు ఇనుం కూడా తాగలేదండీ మేష్టారూ. ఉప్పు గానీ పడిందంటే లోపల ఊచల్ని చెదలు తిన్నట్టు తినేస్తాది. పైకి ఏం కనపడదు. పదేళ్ళు పోయాకా తెలుస్తాది” అని నాకు పాఠం కూడా చెప్పాడు.

అంత తెలిసిన మనిషి చేసిన పని ఇప్పుడు చెబుతాను. నాకు ఇది తెలిసింది పదకొండేళ్ళ తరవాత. అయినా మీ దగ్గర దాచి, చివర్లో చెప్పి అబ్బురపరచాలని లేదు. దాపరికం చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

అది డెబ్బై అయిదు. ఆ ఏడు ఉగాదికే కాలువలకి నీళ్ళు ఆపేశారు. ఊరి మంచినీళ్ళ చెరువు తాగడానికే చాలీ చాలకుండా ఉంది, అందులో బిందె ముంచడానికి వీల్లేదన్నారు పెద్దలు. ఇక మిగిలింది ఏరు. వేసవిలో మా ఏరు పూటకో రకం. పాటు మీద ఉన్నంతసేపూ పైనుంచి దిగే మంచినీళ్ళు, పోటు ఎక్కిందంటే సముద్రం ఎదురొచ్చి ఉప్పు కషాయం. అందులోనూ అమావాస్య వెళ్ళిన రెండు రోజులకి వచ్చే పోటు మరీ పెద్దది. ఏటిగట్టు మీద పుట్టినవాళ్ళెవరికీ ఇది చెప్పనక్కర్లేదు. కానీ పంచాంగం ముందు పోటూ పాటూ ఎవరికి గుర్తుంటాయి? విదియ మంచిదని బంగారరాజు గారు ఉగాది మర్నాడు స్లాబుకి ముహూర్తం పెట్టారు. కాదు అనడానికి సాలమోనుకి నోరు రాలేదు. పొద్దున్నే మొదలెడితే పోటు తిరిగేలోపు అయిపోతుందని లెక్కేసుకున్నాడు.

పొద్దున్నే రుచి చూశాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. కానీ కొబ్బరికాయ కొట్టవలసిన బంగారరాజు గారు రాజోలు వెళ్ళి, వచ్చేసరికి పది దాటింది. ఆయన చేత్తోనే కొట్టాలి గనక అందరూ పారలు పట్టుకుని నిలబడ్డారు. ఏరు మటుకు ఎవరి కోసమూ నిలబడలేదు.

బడి అంటే రెండు గదులు, మధ్యలో దూలం. మధ్యాన్నానికి తూర్పు గది అయి, పోత దూలం దాటింది. అప్పుడు నీళ్ళు మోసే బుజ్జమ్మ బిందె దించి, పెదాలు తుడుచుకుని, మెల్లిగా అంది.

“మేస్త్రిగారండీ, నీళ్ళు ఉప్పగా ఉన్నాయండి.”

సాలమోను రుచి చూడలేదు. జీవితంలో ఆ ఒక్క బిందే ఆయన రుచి చూడనిది. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆరిన అంచుకి తడి కాంక్రీటు సరిగ్గా అతకదు, అతుకులోంచి వాన కారుతుంది. ఆపితే సాలమోను స్లాబు మధ్యలో ఆగిపోయిందట అని రాజోలు దాకా చెప్పుకుంటారు. ఆ తరవాత పేటవాళ్ళని పిలిచి పని ఇచ్చేదెవరు? కింద కుర్చీ వేసుకుని బంగారరాజు గారు చూస్తున్నారు.

“పొయ్యమ్మా. నోరు మూసుకుని పొయ్యి” అన్నాడు.

బుజ్జమ్మ పోసింది. నోరు కూడా మూసుకుంది, పదకొండేళ్ళు.

ఇక్కణ్ణించి మొదలైంది నా అవస్థ. నెలకోసారి, ఒక్కోసారి వారానికి రెండుసార్లు, ఈయన బడికి తయారు. ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఉంటే గుమ్మంలో నిలబడి పైకి చూస్తాడు. వెదురుకర్ర తెచ్చి పడమటి గది కప్పు మీద టకటక కొట్టి చెవి ఒగ్గుతాడు. పిల్లలు నవ్వుతారు. నాకు కోపం నషాళానికి అంటుతుంది.

“ఏమయ్యా, బడికి వైద్యం చేస్తున్నావా? నాడి దొరికిందా?” అనేవాణ్ణి.

“ఆయ్, ఏం లేదండి. పిల్లల్ని తూర్పు గదిలో కూచోబెట్టండి మేష్టారూ. గాలి బాగా వస్తాది.”

“అయిదు తరగతుల్నీ ఒక్క గదిలో కుక్కి గాలి పీల్చుకోమంటావా?”

మరుసటి నెల ఎండ అనేవాడు. ఆ పై నెల తేళ్ళు అనేవాడు. కారణం మారేది, మాట మారేది కాదు. ఈలోగా అమలాపురం నుంచి కొత్తపేట దాకా మేడలు లేచాయి, చాలావాటికి స్లాబు ఆయనదే. సాలమోను స్లాబు కారదు అన్న పేరు వచ్చింది. పేటలో ఇరవై మంది ఆయన వెనక పని నేర్చుకున్నారు. పేరు పెరిగేకొద్దీ మనిషి ఎండిపోయాడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచి బడి వైపు వెళ్ళిపోతాడని రాహేలు మా ఆవిడ దగ్గర ఏడ్చింది కూడా. మతి చలించిందేమోనని మేమిద్దరం అనుకున్నాం.

ఎనభై మూడో సంవత్సరం వానల్లో పడమటి గది కప్పు పెచ్చు ఊడి నా బల్ల మీద పడింది. ఆదివారం కాబట్టి సరిపోయింది. చూస్తే లోపల ఊచ ఎర్రగా ఉబ్బి పొరలు పొరలుగా ఉంది. నేను కబురు చెయ్యకముందే సాలమోను వచ్చేశాడు. ఆ పెచ్చు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. నోటిదాకా వచ్చిన మాటని మింగడం నేను చూశాను. చూసి కూడా అడగలేదు, అది నా తప్పు. పిల్లల్ని మాత్రం తూర్పు గదిలోకి మార్చాను. పై అధికారులు వస్తున్నారని ఆ మచ్చ మీద సున్నం కొట్టించాను, అదీ నా తప్పే.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చింది. ముసలివాళ్ళెవరూ అంత వరద ఎరగరు. తెల్లవారేసరికి ఎగువన గట్టుకి గండి పడి ఊళ్ళోకి నీళ్ళు దూకాయి. తాటాకు ఇళ్ళు కూలుతున్నాయి. పిల్లల్ని భుజాన వేసుకుని జనమంతా బడి దగ్గరికి పరిగెత్తారు. గోడకి నిచ్చెన వేసి ఒక్కొక్కరే పైకి ఎక్కాం. కోళ్ళు, ట్రంకు పెట్టెలు, బియ్యం మూటలు, నూట యాభై మందికి తక్కువ ఉండం. నిచ్చెన పడమటి వైపు ఉంది గనక ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే అక్కడే కూలబడ్డారు. బంగారరాజు గారు తన మడతకుర్చీ కూడా తెప్పించుకుని అక్కడే వేసుకున్నారు.

సాలమోను అందరికంటే ఆఖర్న ఎక్కాడు. జనం ఎక్కడ కూర్చున్నారో చూశాడు.

“లెగండి! అందరూ లెగండి! దూలానికి అవతలికి పొండి!” అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. ఈయన ధోరణి ఊరికి అలవాటే. “కూర్చోవయ్యా సాలమోనూ, ఇప్పుడు కూడానా?” అని ఎవరో విసుక్కున్నారు.

“ఇది ఉప్పునీళ్ళ స్లాబండి బాబూ!” అన్నాడు సాలమోను. “దూలం ఇవతలంతా పోటు నీళ్ళతో పోసేను. తెలిసే పోసేను. బుజ్జమ్మ చెప్పింది, నేనే నోరు మూసుకోమన్నాను. లోపల ఇనుం లేదండి, తుప్పే ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, అవతలికి పొండి.”

బంగారరాజు గారు లేచారు.

“పదకొండేళ్ళు పట్టిందా చెప్పడానికి?” అన్నారు.

“ఆయ్” అన్నాడు సాలమోను.

బంగారరాజు గారు కుర్చీ మడిచి చంకన పెట్టుకుని దూలం దాటారు. దాంతో జనమంతా లేచింది. పిల్లల్ని ముందు దాటించి, ముసలివాళ్ళని ఎత్తుకుని, తూర్పు సగం మీద కాలు పెట్టే చోటు లేకుండా నిండిపోయాం. నన్ను ఆఖరికి సాలమోనే చెయ్యి పట్టి నెట్టాడు. పడమటి సగం ఖాళీ. దాని మీద సాలమోను ఒక్కడే ఉండిపోయాడు.

“నువ్వూ రా” అన్నాను.

“చోటు లేదు కదండీ. అయినా పోసింది నేను.”

ఆ మాట అంటుండగానే కింద గదిలో దబ్బుమని చప్పుడైంది. పెద్ద పెచ్చే ఊడి నీళ్ళలో పడింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. రాహేలు లేవబోతే చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకున్నారు. సాలమోను కదల్లేదు.

అప్పుడు జనంలోంచి బుజ్జమ్మ లేచింది. అప్పటికి ఆవిడ జుట్టు సగం నెరిసింది. చేతిలో చెంబు ఉంది. ఎవరు ఆపుతున్నా వినకుండా దూలం దాటి వెళ్ళి, స్లాబు అంచున ఆయన పక్కన కూర్చుంది.

“నీకేం పనే ఇక్కడ? పో అవతలికి!” అని కసిరాడు.

“నీళ్ళు మోసింది నేనే కదండీ” అంది.

వరద నీరు స్లాబుకి మూరెడు కింద పారుతోంది. ఆవిడ వంగి చెంబు ముంచి, ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసింది. చెంబు ఆయన ముందు పెట్టింది.

“ఇప్పుడు రుచి చూడండి మేస్త్రిగారూ. తియ్యగున్నాయి.”

సాలమోను దోసిలి పట్టాడు. ఆవిడ పోసింది. నోట్లో పోసుకుని, ఉమ్మలేదు, మింగేశాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తరవాత తడి స్లాబు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మధ్యాన్నం పడవలు వచ్చేదాకా అలాగే ఉన్నాడు. ఆ మోకాలు ఆడలేదు.