కూత తెగిన సంగతి

"నేను పోయినాక ఆ కూత సంగతి నోరు జారేవు!"

"ముందు గంజి తాగప్పా. చెప్పేదుంటే నువ్వుండంగానే మైకులో చెప్పుందును."

మా ఇద్దరి మధ్య కడపటి మాటలు ఇవే. డాక్టరైన మా ఆయన సగం గంజి తాగి పక్కకు తిరిగి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు మా ఊరు చింతామణిలో కబడ్డీ ఆడే పిల్లలు ఆయన పేరు మీద కప్పు పెడుతున్నారు. చిన్న పుస్తకం కూడా వేస్తారట. "ఆ ఆట గురించి చెప్పమ్మా" అని నా వెంట పడ్డారు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది.

ఊరంతా చెప్పుకునే కథ ఇది. డాక్టరీ చదువుతున్న రోజుల్లో ఆయన చింతామణి జట్టులో ఆడేవాడు. చిక్కబళ్ళాపురంలో బాగేపల్లి వాళ్ళతో ఆఖరి ఆట. కూతకు వెళ్ళాడు. అవతలివాడు ఒకడు భుజం పట్టుకుని మట్టిలో పొర్లుతున్నాడు. ఈయన కూత ఆపేసి, అవుటైనా సరే అని కూర్చుని, భుజం సరిచేసి తువ్వాలుతో కట్టు కట్టాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. జనం మాత్రం ఆయన్నే ఊరేగించారు. ఆస్పత్రి పెట్టాక బాగేపల్లి నుంచి కూడా బస్సెక్కి వచ్చారు, ఆట వదిలి వైద్యం చేసిన డాక్టరని.

నిజం పెళ్ళయిన ఏడాదికి నాకు చెప్పాడు. ముందు తెగింది ఊపిరి. పొద్దున మూడు రాగిముద్దలు లాగించి ఆటకు పోతే కూత ఎక్కడ నిలుస్తుంది? పరువు పోతుందని చూస్తుంటే పొర్లేవాడు కనబడ్డాడు, దబ్బున కూర్చున్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు. కూరలో ఉప్పెక్కువని మొహం మాడ్చినప్పుడల్లా "కబడ్డీ, కబడ్డీ" అని గొణిగేదాన్ని, అంతే. గబగబా కంచం ఖాళీ చేసి లేచేవాడు.

ఇప్పుడు నిజం చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే అబద్ధాన్ని నేనే అచ్చు వేయించినట్టు. ఏం చేయాలో తోచలేదు.

పదకొండో రోజు ఆ భుజం మనిషే బాగేపల్లి నుంచి వచ్చాడు. ముసలివాడైపోయాడు. వడలు రెండోసారి వేయించుకుని తిని, నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, తిట్టొద్దు. ఆ పొద్దు ఆయప్పకి కూత తెగింది. నా చెవి కాడే కదా, విన్నా."

"మళ్ళ ఎందుకప్పా అరవలేదు?"

"యాడ అరిచేది? నా భుజానికి ఏమీ కాలేదు! ఆయప్ప కాలు పట్టబోయి జారిపోతి. మా మేష్ట్రు తంతాడని నొప్పి నొప్పి అని పొర్లాడతాండా. ఆయప్ప భుజం తడిమె, నా మొగం చూసె, గమ్మున కట్టు కట్టె. మూడు వారాలు ఎడమ చేత్తో తింటినమ్మా!"

పకపకా నవ్వాను. కర్మల ఇంట్లో ఈ నవ్వేమిటని ఆడబిడ్డలు గుర్రుగా చూశారు. నవ్వయ్యాక కోపం వచ్చింది. తన గుట్టు నాకు చెప్పాడు గాని, ఈ మనిషి గుట్టు నాక్కూడా చెప్పలేదు! కోపం తగ్గాక ఆ సంగతే నచ్చింది.

"ఇదంతా రాయించేదా?" అని అడిగాను.

"రాయించమ్మా. ఆ కప్పు నా చేత్తోనే ఇప్పించు" అన్నాడు.

అందుకే ఒట్టు గట్టున పెట్టి అంతా చెప్పేశాను. ఏదీ పాపా, మొదటి నుంచి ఒకసారి గట్టిగా చదువు. ఆయన చిన్నబోయినట్టు ఎక్కడైనా వినబడుతుందేమో చూద్దాం.