పెద్దక్క ఎంచిన రాడారు

వలలు అల్లే పెద్దక్క బడి మొహం చూడలేదు గానీ, తమ్ముడి బోటుకి రాడారు ఎంచింది ఆవిడే. కిందటేడు పొగమంచులో ఆ బోటు ఒక చెక్క పడవని గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఇంకోసారి అలా జరగకూడదని ఆవిడ పట్టు.

"ఇది డెబ్బై మైళ్లు చూస్తుందమ్మా!" అన్నాడు దుకాణదారు.

"అంత దూరంలో ఉన్నోణ్ణి మావాడెలా గుద్దుతాడు నాయనా? ముక్కు ముందున్న చెక్క పడవ కనబడుతుందా?"

రెండు రకాలు బోటు మీదికి తెప్పించి, తనే చిన్న పడవెక్కి వానలో ఎదురుగా కూర్చుంది. ఖరీదైన డెబ్బై మైళ్లదాంట్లో, తెర మీద పడ్డ వాన మరకల్లో ఆవిడ కలిసిపోయింది. రెండోదాంట్లో చుక్కలా నిలిచింది.

"కనబడ్డావక్కా!" అని తమ్ముడు అరిచాడు.

"అయితే అదే బిగించరా! డెబ్బై మైళ్లది ఆ దుకాణమాయన్నే చూసుకోమను!"

ఇప్పుడు ఆ రేవులో ఎవరు రాడారు కొన్నా, ముందు పెద్దక్కని పడవెక్కిస్తారు.